తమ్ముడి మెదడుకి స్కానింగ్ తీయించమంటారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. నాన్నకి బజారులో బట్టల కొట్టు ఉంది. నేను స్కూల్లో టీచరుని. మా తమ్ముడికి 19 ఏళ్ళు, ఇక్కడే ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ప్లస్ టూలో ఉండగానే గంజాయి మొదలుపెట్టాడని మొన్ననే తెలిసింది. ఇప్పుడు దాదాపు రోజూ సాయంత్రం మేడ మీద గదిలో కాలుస్తున్నాడు. నిలదీస్తే గొడవ పడలేదు. "అప్పా, ఇది మొక్క. శివరాత్రికి భంగు తాగనివాళ్ళెవరు? మందు కంటే నయం. గంజాయి కాల్చేవాళ్ళ మెదడులో కనెక్షన్లు ఎక్కువవుతాయని స్కానింగుల్లోనే తేలింది" అంటూ ఫోన్లో ఏదో చూపించాడు. నేను వెతికితే మెదడు తీగలు తెగిపోతాయని ఉంది. ఏది నిజం? తెగినవి మళ్ళీ అతుక్కుంటాయా? విశాఖ తీసుకెళ్ళి ఎమ్మారై తీయిస్తే ఎంత పాడైందో తెలుస్తుందా? నాన్నకి ఇంకా చెప్పలేదు. చెబితే వాడిని ఇంట్లోంచి గెంటేస్తారని టెన్షన్‌గా ఉంది.
– ఒక అప్ప, గుణుపురం

సమాధానం: అమ్మా, స్కానింగ్ వద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, మీరు ఈపాటికే విశాఖలో ఎవరినో ఒకరిని వాకబు చేసి ఉంటారనిపిస్తోంది. ఎమ్మారై తీయిస్తే దాదాపు ఖాయంగా 'నార్మల్' అనే రిపోర్టే వస్తుంది. వేలకు వేలు పోసి తెచ్చిన ఆ కాగితం వాడి చేతిలో పడ్డాక "చూశావా అప్పా, ఏమీ లేదు" అంటాడు. ఇక మీ దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు.

ఆసుపత్రిలో తీసే ఎమ్మారై గడ్డలు, రక్తస్రావం, పక్షవాతం లాంటివి వెతకడానికి. గంజాయి వాడేవాళ్ళ మెదడులో ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య సంబంధాల్లో కనిపించే తేడాలు అలా కంటికి ఆనవు. వాటిని పట్టుకోవడానికి పరిశోధకులు కాల్చేవాళ్ళను కొందరిని, కాల్చనివాళ్ళను కొందరిని కూడగట్టి, అందరి స్కాన్లనూ కంప్యూటర్లో సరాసరి కట్టి, రెండు గుంపులనూ పోల్చి చూస్తారు. అంత చేస్తే బయటపడేది చిన్న తేడా. ఆ గుంపులోంచి ఒక్కడి స్కాన్ తీసి బల్ల మీద పెడితే, వాడు కాలుస్తాడో లేదో ఎంత పెద్ద నిపుణుడైనా చెప్పలేడు. "మీ అబ్బాయి మెదడు కనెక్షన్లు ఇంత శాతం దెబ్బతిన్నాయి" అని రంగుల బొమ్మ చూపించేవాళ్ళు ఎవరైనా తగిలితే, వాళ్ళు మీకు ఏదో అమ్మబోతున్నారని అర్థం.

ఇక తమ్ముడు చూపించినదీ, మీరు చదివినదీ. రెండూ ఉత్త పుకార్లు కావు. కానీ రెండూ సగం సగం కబుర్లే.

మెదడు కనెక్షన్లు అని వార్తల్లో రాసేటప్పుడు రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తుంటారు. ఒకటి నిజంగా ఉన్న తీగలు. నాడీకణాల నుంచి బయల్దేరే పొడవాటి పోగులు, వాటి మీద మైలిన్ అనే కొవ్వు పూత. ఈ పోగుల వెంట నీటి అణువులు ఎటువైపు, ఎంత తేలిగ్గా కదులుతున్నాయో కొలిచే ఒక రకం ఎమ్మారై ఉంది. దాన్నిబట్టి పోగులు ఎంత పటుత్వంగా ఉన్నాయో అంచనా వేస్తారు. రెండోది, తీగను చూడకుండానే కట్టే లెక్క. మీ వీధిలో రెండిళ్ళ లైట్లు రోజూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతుంటే, ఆ రెండిళ్ళకూ ఏదో లంకె ఉందనుకుంటాం కదా. అలాగే మెదడులో రెండు చోట్ల రక్తంలోని ఆక్సిజన్ ఒకే లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ఆ రెండూ కలిసి పనిచేస్తున్నాయని అంటారు. మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నప్పుడు కూడా ఈ లయ కనిపిస్తుందని 1995లో అమెరికాలో భరత్ బిస్వాల్, ఆయన సహచరులు చూపించారు. ఆ తర్వాత వచ్చిన 'కనెక్టివిటీ' పరిశోధనల్లో చాలావాటికి అదే పునాది.

ఇక్కడ 'ఎక్కువ' అని రాగానే 'మంచిది' అనుకోవడానికి లేదు. మీ తమ్ముడు చూపించింది బహుశా 2014లో అమెరికాలోని డాలస్‌లో ఫ్రాన్సెస్కా ఫిల్బీ బృందం చేసిన పరిశోధన గురించిన వార్త. ఏళ్ళ తరబడి గంజాయి వాడుతున్న 48 మందిని, వాడని 62 మందిని పోల్చి చూశారు. మనకేది కావాలి, ఎంతవరకు కావాలి, ఎక్కడ ఆగాలి అని తూకం వేసే భాగం ఒకటి కళ్ళకు సరిగ్గా పైన, మెదడు ముందువైపున ఉంటుంది. వాడేవాళ్ళలో ఆ భాగంలో నాడీకణాలుండే గ్రే మేటర్ తక్కువగా కనిపించింది. అదే చోట లంకెలు మాత్రం ఎక్కువగా కనిపించాయి. తగ్గిన సరంజామాతో పని నెట్టుకురావడానికి మెదడు లంకెలు పెంచుకుని ఉంటుందని ఆ పరిశోధకులు భావించారు. వాడకం ఏళ్ళ మీద ఏళ్ళు సాగినవాళ్ళలో ఆ తీగల పెంపు కూడా తగ్గుతూ వచ్చింది. మీవాడు మొదటి సగం చదివి ఫోన్ పక్కన పెట్టేశాడు.

మీరు చదివినదానికి మూలం ఉంటే గింటే 2012లో ఆస్ట్రేలియాలో వచ్చినలాంటి పరిశోధనలు అయి ఉండాలి. ఏళ్ళ తరబడి బాగా కాల్చినవాళ్ళలో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌కి సంబంధించిన పోగుల్లోనూ, మెదడు కుడి ఎడమ భాగాలను కలిపే కార్పస్ కెలోసంలోనూ పటుత్వం తక్కువగా కనిపించింది. ఎంత చిన్న వయసులో మొదలుపెట్టి ఉంటే ఆ తేడా అంత ఎక్కువ. అంతేగాని ఎవరి తీగలూ పుటుక్కున తెగిపోలేదు.

దీనికి ఎదురుమాట కూడా ఉంది. అది దాచిపెడితే మీ తమ్ముడు రేపో మాపో వెతికి పట్టుకుంటాడు, అప్పుడు మిగతాదంతా అబద్ధమే అనుకుంటాడు. 2015లో అమెరికాలోనే ఇంకో బృందం, రోజూ కాల్చేవాళ్ళనూ కాల్చనివాళ్ళనూ మద్యం అలవాటు కూడా సమానంగా ఉండేలా చూసి పోల్చింది. మెదడు భాగాల సైజుల్లో, ఆకారాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏదీ రాలేదు. పైగా కాల్చేవాళ్ళలో చాలామంది సిగరెట్టో మందో కూడా తాగుతారు. ఈ తేడా దేనివల్ల వచ్చింది, ముందునుంచీ ఉన్నదా, కాల్చాక వచ్చిందా అన్నది ఒక్కసారి తీసిన స్కాన్ చెప్పలేదు. అందుకే నేను ఈ చిత్రపటాల మీద పెద్దగా ఆధారపడను. గంజాయి మెదడులో ఏం చేస్తుందన్నది వేరే దారుల్లో ఇంతకంటే గట్టిగా తెలుసు.

గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. దాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోని శుద్ధంగా వేరుచేశారు. అది పట్టుకునే గ్రాహకాలు మన నాడీకణాల మీద ముందే ఉన్నాయి. వాటిని సీబీ1 అంటారు. ముందు మెదడులో, హిప్పోకాంపస్‌లో, కదలికలను సరిచూసే భాగాల్లో ఇవి బాగా దట్టంగా ఉంటాయి. గంజాయి కోసం పుట్టినవి కావు అవి. మన మెదడే ఇలాంటి పదార్థాలను తయారుచేసుకుంటుంది, వాటిలో ఒకటైన అనందమైడ్‌ను 1992లో కనుక్కున్నారు. మామూలుగా ఒక కణం పక్క కణానికి సందేశం పంపుతుంది. సందేశం మరీ ఎక్కువైనప్పుడు, అందుకునే కణం ఈ పదార్థాన్ని వెనక్కి వదులుతుంది. అది వెళ్ళి పంపే కణం మీదున్న సీబీ1ని తాకుతుంది, పంపడం తగ్గుతుంది. ఇదంతా అవసరమైన చోట, అవసరమైన క్షణంలో జరిగి క్షణాల్లో ముగిసిపోతుంది. టీహెచ్‌సీ అలా కాదు. ఒక్క దమ్ముతో మెదడంతా పరుచుకుని గంటల తరబడి అన్ని చోట్లా 'చాలు, చాలు' అనే సంకేతం ఇస్తుంది. కాల్చినవాడు మాట మధ్యలో ఏం చెబుతున్నాడో మరిచిపోవడం, పది నిమిషాలు గంటలా అనిపించడం, ఊరికే నవ్వు రావడం, అన్నీ దాని ఫలితాలే.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించిన మాట 'ప్లస్ టూ'. పదహారు, పదిహేడేళ్ళ వయసులో మెదడు తనకు అక్కర్లేని లంకెలను తీసేసుకుంటూ, ఉంచుకున్న పోగులకు మైలిన్ పూత పట్టిస్తూ ఉంటుంది. ముందు మెదడులో ఈ పని ఇరవైల మధ్య దాకా సాగుతుంది. ఏ లంకె ఉండాలి, ఏది పోవాలి అన్న ఈ సర్దుబాటులో సీబీ1 వ్యవస్థకూ పాత్ర ఉంది. ఆ టైములో రోజూ బయటినుంచి టీహెచ్‌సీ పోస్తే సర్దుబాటు దారి తప్పే అవకాశం ఉందన్నది జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో చాలాసార్లు కనబడింది. ముప్పై ఏళ్ళవాడు వారానికోసారి కాల్చడమూ, మీవాడు ప్లస్ టూలోనే మొదలుపెట్టి ఇప్పుడు దాదాపు రోజూ కాల్చడమూ ఒకటి కావు.

మనుషుల్లో పేరుపడ్డ సాక్ష్యం న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి వచ్చింది. 1972, 73లో పుట్టిన 1,037 మందిని 38 ఏళ్ళ వయసు దాకా వెంటాడి గమనించారు. టీనేజీలో మొదలుపెట్టి మానకుండా అలవాటుగా వాడినవాళ్ళ ఐక్యూ సరాసరిన 8 పాయింట్ల దాకా తగ్గిందని 2012లో ప్రకటించారు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. 2016లో కవలల మీద చేసిన అధ్యయనం మాత్రం, వాడిన కవలకూ వాడని కవలకూ మధ్య అలాంటి తేడా లేదని, కుటుంబ పరిస్థితులే కారణం కావచ్చని చెప్పింది. ఈ తగవు ఇంకా తీరలేదు. నా మటుకు నేను ఐక్యూ కోసం కొట్టుకోను. రెండో సంవత్సరం ఇంజినీరింగ్ కుర్రాడికి ఈ నెల పాఠం వచ్చే నెలకి గుర్తుండటమే ముఖ్యం, రోజూ వాడేవాళ్ళలో దెబ్బతినేది ముందుగా అదే.

'మళ్ళీ అతుక్కుంటాయా' అని అడిగారు. ఇక్కడ మీకు మంచి మాటే చెప్పగలను. రోజూ కాల్చేవాళ్ళ మెదడు ఆ పోటుకు తట్టుకోలేక తన సీబీ1 గ్రాహకాలను తగ్గించుకుంటుంది. అందుకే మోతాదు పెంచితే గాని మునుపటి కిక్కు రాదు. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఈ తగ్గుదల మెదడు పైపొర ప్రాంతాల్లో సుమారు 20 శాతం ఉంది. నాలుగు వారాలు మానేశాక మళ్ళీ స్కాన్ చేస్తే, చాలా ప్రాంతాల్లో మామూలు స్థాయికి వచ్చేసింది. ఇంకా మీకు దగ్గరగా ఉన్నది 2018లో బోస్టన్ నుంచి వచ్చింది. 16 నుంచి 25 ఏళ్ళ మధ్య ఉన్న 88 మంది కుర్రాళ్ళు, అమ్మాయిలను తీసుకుని, కొందరిని నెల రోజులు మానమన్నారు. మానినవాళ్ళకు కొత్త మాటలు నేర్చుకుని గుర్తుంచుకునే శక్తి మెరుగైంది, అదీ చాలా వరకు మొదటి వారంలోనే. ఏళ్ళ వాడకం వల్ల పోగుల్లో వచ్చిన మార్పులు కూడా ఇంత త్వరగా, ఇంత పూర్తిగా సర్దుకుంటాయని నేను హామీ ఇవ్వను. కానీ 19 ఏళ్ళవాడికి సమయం చాలా ఉంది.

అందుకని స్కానింగ్ బదులు వాడితో ఒక పందెం వేయండి. 'ఇది వట్టి మొక్కే అంటున్నావు కదా, అయితే ఒక్క నెల మానేసి చూపించు' అనండి. బెదిరింపుగా కాదు, వాడి మాటనే వాడి ముందు పెట్టండి. మొదలయ్యే రోజునే వాడి చేత ఏదైనా ఒకటి కొలిపించండి. పుస్తకంలో రెండు పేజీలు చదివి, మర్నాడు చూడకుండా ఎంత రాయగలడో చూడటం లాంటిది. నెలాఖరున మళ్ళీ అదే చేయించండి. ఇలాంటి కుర్రాళ్ళు మన మాట కంటే తమ కంటితో చూసినదాన్ని నమ్ముతారు.

మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, చెమటలు, భయంకరమైన కలలు మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. నిద్ర సంగతి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈ రోజుల్లో వాడు అన్నం పళ్ళెం తోసేసినా, మీ మీద అరిచినా అది వాడి గుణం కాదని గుర్తుంచుకోండి. గంజాయిని పొగాకుతో కలిపి కాల్చే అలవాటు ఉంటే నికోటిన్ కోసం లాగడం కూడా తోడవుతుంది, దాని సంగతి డాక్టరుతో విడిగా చెప్పాలి. మెడికల్ షాపులో దొరికే మూత్రం టెస్ట్ కిట్ కొనకండి. రోజూ కాల్చినవాడికి మానేసి వారాలు గడిచినా పాజిటివ్ వస్తుంది, నిజంగా మానినవాడిని దొంగను చేస్తాం. అన్నంలో, కూరలో తెలియకుండా కలిపే పొడుల జోలికి అసలే వెళ్ళకండి. గంజాయికి అలాంటి మందేదీ లేదు, ఆ పేరుతో అమ్మేవాటిలో ఏముంటుందో దేవుడికే ఎరుక. గంజాయి మాన్పించడానికి పనికొచ్చేది ఎక్కువగా కౌన్సెలింగే.

నెల ఆగకుండా వెంటనే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్ళాల్సిన సందర్భాలున్నాయి. ఎవరో తనను వెంటాడుతున్నారనడం, లేని గొంతులు వినబడటం, తనలో తాను మాట్లాడుకోవడం, రాత్రుళ్ళు వరసగా నిద్ర లేకుండా తిరగడం, చచ్చిపోతాననడం. మీ ఇంట్లో, మేనమామలవైపు, ఎవరికైనా స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినబడటం, లేనిపోని అనుమానాలు ఉండే తీవ్రమైన మానసిక జబ్బు) లాంటిది ఉండి ఉంటే మరింత జాగ్రత్త. స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేలకు పైగా యువకులను పదిహేనేళ్ళు గమనించి, 18 ఏళ్ళలోపే 50 సార్లకు మించి గంజాయి వాడినవాళ్ళలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించిందని 1987లో రాశారు. కాల్చిన ప్రతివాడికీ వస్తుందని దీని అర్థం కాదు, అత్యధికులకు రాదు. వచ్చిన ఇంట్లో మాత్రం ఆ జబ్బు ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

మందు కంటే నయమన్నాడు. మద్యం మెదడు పోగులకు చేసే చెరుపు తక్కువేమీ కాదు, ఆ మాటలో కొంత నిజముంది. అయితే మీ తమ్ముడు మందు మానడానికి గంజాయి కాలుస్తున్నాడా? భంగు సంగతి కూడా అంతే. ఏడాదికోసారి శివరాత్రికి తాగే గ్లాసుకూ రోజూ సాయంత్రం దమ్ముకూ పోలిక లేదు. స్నేహితులు పార్టీల్లో ఇచ్చే మాత్రలు, వైట్‌నర్ పీల్చడం లాంటివి ఏమైనా ఉన్నాయేమో మాత్రం నెమ్మదిగా కనుక్కోండి. పీల్చే ద్రావకాల్లో ఉండే టోలీన్ మైలిన్ పూతనే నేరుగా తినేస్తుంది. ఆ దెబ్బ మామూలు ఎమ్మారైలో కూడా కనబడేంత గట్టిది.

ఇంకొక సంగతి. మీ ఊరివాళ్ళకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు గాని, రాయకుండా ఉండలేను. మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లోంచి, ఇటు ఆంధ్ర ఏజెన్సీ నుంచి గంజాయి సరుకు మన రోడ్ల మీదుగా, రైళ్ళలో పై రాష్ట్రాలకు పోతుంది. 2021లో ఆంధ్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించినా ఆ రవాణా ఆగలేదు. బ్యాగు మోయడానికి వాళ్ళకు కావలసింది పోలీసులు అనుమానించని కాలేజీ కుర్రాళ్ళు. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం కిలో లోపు గంజాయి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాని జైలు, బెయిలు దొరకడమూ గగనమే. కొనేవాడికి అమ్మేవాడు స్నేహితుడవుతాడు, 'ఈ బ్యాగు కాస్త విజయనగరం దాకా' అంటాడు. మీ తమ్ముడి భవిష్యత్తుకు గ్రే మేటర్ కంటే ముందు ముంచుకొచ్చే ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం. ఎవరి బ్యాగూ ముట్టుకోవద్దని, గంజాయి గొడవతో సంబంధం లేకుండా ఈ ఒక్క మాట వాడి చేత ఒప్పించండి.

వైద్యానికి వెళితే పోలీసులకు చెప్పేస్తారని భయపడకండి. చిన్న పరిమాణంతో పట్టుబడినవాళ్ళు, సొంతానికి వాడుకున్నవాళ్ళు తమంతట తాము ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు సిద్ధపడితే విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షను ఆ చట్టంలోనే ఉంది. ముందుగా ఫోన్లో మాట్లాడాలనుకుంటే 14446 డీ అడిక్షన్ హెల్ప్‌లైను. మనసు బాగోలేనప్పుడు 14416, టెలీ మానస్. అందులో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. డాక్టరు దగ్గరకే వెళ్ళాలంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. రాయగడ దాటి వెళ్ళగలిగితే కోరాపుట్ మెడికల్ కాలేజీ, లేదా విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల. విశాఖ పేరు చెబితే 'నన్ను పిచ్చాసుపత్రికి తీసుకెళతావా' అని వాడు అలుగుతాడేమో. అలాగైతే బరంపురమే మేలు.

నాన్నగారికి చెప్పడం గురించి. ఎల్లకాలం దాచమని చెప్పను, ఆయన ఇంట్లో, ఆయన మేడ మీద జరుగుతున్నది ఇది. కానీ చెప్పాల్సింది మీరు కాదు, తమ్ముడే. ఈ నెల పందెం ముగిసేలోగా వాడే నాన్న దగ్గర నోరు విప్పాలని, విప్పకపోతే మీరు చెబుతారని, ఒక తేదీ పెట్టి ముందే వాడికి తెలియజేయండి. పైన రాసిన ప్రమాద లక్షణాల్లో ఏదైనా కనబడితే ఆ తేదీ కోసం చూడొద్దు, ఆ రాత్రే నాన్నకు చెప్పండి. చెప్పే రోజు కొట్టు మూసేసి అలసిపోయి వచ్చిన వేళ కాకుండా చూసుకోండి. ఆయన మాట కాదనలేని పెదనాన్నో మేనమామో ఎవరైనా ఉంటే, ఆ పూట భోజనానికి మీ ఇంటికి పిలవండి.